తలుపు తట్టు.. టంకం పెట్టు
అనుభవం అడగని శాన్‌ఫ్రాన్సిస్కో ‘నాయిస్‌బ్రిడ్జ్‌’

హ్యాకర్‌ అనగానే బ్యాంకు ఖాతాలు కొల్లగొట్టే దొంగ గుర్తుకొస్తాడు. పత్రికలు, సినిమాలు కలిసి ఆ మాటకు అంటగట్టిన అర్థమిది. నిజానికి 1950ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో బొమ్మ రైళ్ల క్లబ్బు నడిపిన విద్యార్థులు దీన్ని వేరే అర్థంలో వాడుకలోకి తెచ్చారు. యంత్రాన్ని విప్పి, గుట్టు తెలుసుకుని, తనకు కావలసినట్టు మార్చుకునేవాడే వారి దృష్టిలో హ్యాకర్‌. ఆ పాత అర్థాన్ని నమ్మినవారు తలా కొంత వేసుకుని, అద్దె చెల్లించి నడుపుకొనే ఉమ్మడి కార్యశాలే హ్యాకర్‌స్పేస్‌. పనిముట్లు అందరివీ. పెత్తనం ఎవరిదీ కాదు.

బెర్లిన్‌లో 1995లోనే ‘సి-బేస్‌’ పేరిట ఇలాంటి కేంద్రం వెలసింది. 2007 వేసవిలో ఆ నగరానికి సమీపంలో జరిగిన హ్యాకర్ల శిబిరానికి వెళ్లిన అమెరికన్లు ఐరోపా కేంద్రాలను చూసి ముచ్చటపడ్డారు. తిరిగివచ్చాక న్యూయార్క్‌, వాషింగ్టన్‌, శాన్‌ఫ్రాన్సిస్కోలలో తమవీ ప్రారంభించారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏర్పడినదే ‘నాయిస్‌బ్రిడ్జ్‌’. దాని వ్యవస్థాపకుల్లో ఒకరు మిచ్‌ ఆల్ట్‌మన్‌. హోటళ్లలో, విమానాశ్రయాల్లో మోగే టీవీలను చడీచప్పుడు లేకుండా ఆపేసే ‘టీవీ-బి-గాన్‌’ అనే చిన్న రిమోట్‌ను 2004లో విడుదల చేసిన వ్యక్తి ఈయనే.

సోమవారం పాఠం

నాయిస్‌బ్రిడ్జ్‌కు పేరు తెచ్చినది ‘సర్క్యూట్‌ హ్యాకింగ్‌ మండే’. సోమవారం సాయంత్రం జరిగే ఈ తరగతికి సభ్యత్వం అక్కర్లేదు, ప్రవేశ రుసుము లేదు, చదువు ఎంతని అడిగేవారు లేరు. వచ్చినవారు కిట్‌ కావాలంటే దాని ధర చెల్లిస్తే చాలు. ఓమ్‌ సూత్రంతో మొదలుపెట్టి కొత్తవారిని బెదరగొట్టే పద్ధతి ఇక్కడ లేదు. ముందు చేతికి సోల్డరింగ్‌ ఐరన్‌ ఇస్తారు. వస్తువు వెలిగాక, అది ఎందుకు వెలిగిందన్న ప్రశ్న నేర్చుకునేవారికే పుడుతుంది. మన పట్టణాల్లో రేడియో మెకానిక్‌ పక్కన స్టూలు వేసుకుని పని నేర్చుకున్న పాత తరం వారికి ఇది కొత్తగా తోచదు. తేడా ఒక్కటే, అక్కడ గురువుగారి దయ కోసం ఏళ్ల తరబడి కాచుకోవాలి. ఇక్కడ మొదటి గంటలోనే ఐరన్‌ చేతికొస్తుంది.

టంకం పెట్టడంలో కొత్తవారు చేసే తప్పు దాదాపు ఒక్కటే. సీసం తీగను ఐరన్‌ మొనపై కరిగించి బొట్టులా అతుకు మీద వేయబోతారు. అది అతుక్కోదు. ఐరన్‌ మొన విడిభాగం కాలుకూ, బోర్డుపైని రాగి వలయానికీ ఏకకాలంలో తగలాలి. ఒక సెకను ఆగి, తీగను మొనకు కాక వేడెక్కిన ఆ చోటికే తాకించాలి. తగరం 63, సీసం 37 పాళ్లుగా ఉన్న తీగ 183 డిగ్రీల సెల్సియస్‌ వద్ద కరిగి తనంతట తానే పారుతుంది. ముందు తీగను, ఆ తర్వాత ఐరన్‌ను తీయాలి. ఐరన్‌ను మరో సెకను అలాగే ఉంచితే ద్రవం చుట్టూ సర్దుకుంటుంది. మంచి అతుకు నున్నగా, చిన్న కొండ ఆకారంలో మెరుస్తుంది. గోళీలా ఉబ్బినా, కాలు చుట్టూ సందు కనిపించినా మళ్లీ వేడిచేయవలసిందే. పైకి లేచే పొగ సీసానిది కాదు, తీగలోని రోజనానిది. అయినా పీల్చడం మంచిది కాదు. సీసం ముట్టిన చేతులు కడుక్కున్నాకే తిండి.

తెరిచిన తలుపు.. తప్పని తంటా

సంస్థకు ఒకే నియమం ఉంది. ఒకరితో ఒకరు ఉత్తమంగా మెలగాలి. ఓ హాలీవుడ్‌ హాస్య చిత్రంలోని మాట ఇది. నిర్ణయాలకు ఓటింగు లేదు, ఏకాభిప్రాయమే. ఒక్క సభ్యుడు ససేమిరా అన్నా తీర్మానం ఆగిపోతుంది. వినడానికి ముచ్చటగానే ఉన్నా, ఆచరణలో ఇది ఓర్పుకు పరీక్ష. ఎవరు వచ్చినా తలుపు తీయాలన్న ఆదర్శం వల్ల రాత్రుళ్లు అక్కడే నిద్రించేవారు, వస్తువులు పట్టుకుపోయేవారు కూడా వచ్చారు. చివరికి 2014లో కొంతకాలం మూసి బాగుచేసుకున్నారు, రాత్రి ప్రవేశానికి హద్దులు పెట్టుకున్నారు. ఆదర్శం సడలిందని బాధపడినవారు లేకపోలేదు. కానీ హద్దు లేకపోతే మొదట దూరమయ్యేది బెరుకుగా వచ్చిన కొత్తవారేనన్న వాదన తోసిపుచ్చదగినది కాదు.

అంతకంటే పెద్ద గండం అద్దె. 2009 నుంచి మిషన్‌ వీధిలో ఉన్న కేంద్రం, సాంకేతిక సంస్థల రాకతో అద్దెలు మండిపోయిన ఆ నగరంలో కొత్త చోటు కోసం వెతుక్కోవలసి వచ్చింది. 2020లో, కరోనా కాలంలోనే, సమీపంలోని క్యాప్‌ వీధికి మారింది. నడిచేది చందాలతో, విరాళాలతో కనుక ఇలాంటి మార్పు ప్రతిదీ ప్రాణసంకటమే.

శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్లలేనివారికి ఓ దారి ఉంది. ఆల్ట్‌మన్‌ మరో ఇద్దరితో కలిసి ‘సోల్డరింగ్‌ ఈజ్‌ ఈజీ’ అనే చిన్న బొమ్మల పుస్తకం తెచ్చారు. ఐరన్‌ పట్టుకోవడం దగ్గర నుంచి చెడిన అతుకు సరిచేయడం వరకు అన్నీ బొమ్మల్లోనే ఉంటాయి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మూలకర్తల పేర్లు ఉంచి, అదే షరతుతో ఎవరైనా అనువదించి పంచుకోవచ్చు. ఇప్పటికే అనేక భాషల్లోకి వెళ్లింది.