శేషాచల పేరిత: హెర్బేరియం నమోదులు – ప్రాంతీయ చరిత్ర

1. ప్రవేశిక

ప్రాంతీయ చరిత్ర రచనకు శాసనాలు, కైఫీయతులు, రెవెన్యూ రికార్డులు ప్రధాన ఆధారాలుగా స్థిరపడ్డాయి. మొక్కను ఎండబెట్టి, అట్టకు అంటించి, సేకరించిన చోటు, తేదీ, సేకర్త పేరు రాసి భద్రపరిచే హెర్బేరియం నమోదు కూడా అటువంటి ఆధారమే. తిరుపతి, కడప ప్రాంతాల మెట్ట కొండలపై సహజంగా పెరిగే పేరిత మొక్క చరిత్ర ఇందుకు నిదర్శనం.

2. శాస్త్రీయ నామం – సేకర్త

పేరితను మదనకామాక్షి అని కూడా వ్యవహరిస్తారు. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీశాఖకు అధిపతిగా పనిచేసిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ కడప కొండలలో దీనిని సేకరించాడు. క్యూ ఉద్యానానికి చెందిన థిసెల్టన్ డయ్యర్ 1883లో దీనిని కొత్త జాతిగా వర్ణించి, సైకస్ బెడ్డోమి అని నామకరణం చేశాడు. సన్నని పత్రకాల అంచులు కిందికి చుట్టుకొని ఉండడం దీని గుర్తింపు లక్షణాలలో ఒకటి. ఇందులో మగ, ఆడ మొక్కలు వేరువేరు. కాబట్టి ఒకే మొక్క నుంచి తీసిన నమూనా జాతి స్వరూపాన్ని పూర్తిగా చూపలేదు.

శాస్త్రీయ నామం సేకర్తను శాశ్వతం చేసింది. మొక్కకు తెలుగు పేరు పెట్టి వాడుకొన్న స్థానికులకు అందులో చోటు లేదు. ఇదే కొండలలోని కొండకొత్తిమీరకు పింపినెల్లా తిరుపతియెన్సిస్ అనే పేరు రావడంతో కనీసం ఊరి పేరైనా నిలిచింది.

3. స్థలనామం – మారిన సరిహద్దులు

బెడ్డోమ్ కాలంలో తిరుపతి ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. 1911లో చిత్తూరు జిల్లా, 2022లో తిరుపతి జిల్లా ఏర్పడ్డాయి. కొండలు కదలలేదు, వాటిని చుట్టిన పాలనా సరిహద్దులే మారాయి. పాత నమోదులోని ‘కడప కొండలు’ అన్న మాటను నేటి జిల్లా పటానికి నేరుగా అన్వయిస్తే మొక్క విస్తృతిని తప్పుగా అంచనా వేసే ప్రమాదం ఉంది. అంత విశాలమైన స్థలనామం ఏ వాలులో, ఏ ఎత్తులో మొక్క దొరికిందో చెప్పదు. ఒక జిల్లా పేరుతో నమోదు లేనంత మాత్రాన అక్కడ మొక్క లేదని నిర్ణయించడమూ సరికాదు.

4. ముగింపు

ఔషధం కోసం మగ శంకువులను కోసుకుపోవడం, కార్చిచ్చులు పేరిత మనుగడకు ముప్పుగా పరిణమించాయి. అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణ ఒప్పందమైన సైటిస్ దీనిని మొదటి అనుబంధంలో చేర్చింది. ఒకప్పుడు మొక్క ఎక్కడ ఉండేదో తెలిస్తేనే ఎక్కడ తరిగిందో తేలుతుంది. అందుకు తేదీ, స్థలం ఉన్న నమోదులే ఆధారం. అయితే కచ్చితమైన స్థలం బహిరంగమైతే అది కోతదారులకు దారి చూపుతుంది. కనుక స్థల వివరాలను పరిశోధకులకు పరిమితం చేస్తూనే, తెలుగు పేరు, స్థానిక వినియోగం ప్రతి నమోదులోనూ చేరాలి. అప్పుడే ఆ నమోదు వృక్షశాస్త్రంతోపాటు ఆ కొండ ప్రజల చరిత్రకూ ఆధారమవుతుంది.