నాలుగు పైసల గుమస్తా గారు

అనకాపల్లి చరిత్ర అనగానే అందరూ బొజ్జన్నకొండ ఎక్కుతారు. 1906లో అలెగ్జాండర్ రీ జరిపిన తవ్వకాలు, రాతిలో తొలిచిన గుహలు, స్తూపాలు. అవి చెప్పుకోవాల్సినవే. కానీ ఈ ఊరికి అన్నం పెట్టింది బెల్లం. దాని కథ ఏ శాసనంలోనూ దొరకదు. కొలగార్ల (బెల్లం కమీషను వర్తకుల) దుకాణాల్లో గుమస్తాలు రాసిన చిట్టా ఆవర్జాల్లో ఉంది. అలాంటి చిట్టాలు అరవై ఏళ్లకు పైగా రాసి, తొంభై దాటాక ఈమధ్యే కన్నుమూశారు మా వీధి గుమస్తా గారు. బజారులో రైతులకు ‘గుమస్తా బాబు’, వీధిలో పిల్లలకు ‘లెక్కల తాతగారు’.

మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టారు. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో విభజన, 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా... ఇన్ని వచ్చినా ఆయన ఇల్లు మారలేదు. 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. ఓడరేవు, షిప్‌యార్డు సరేసరి. నాలుగక్షరాలు వచ్చిన కుర్రాళ్లు పొద్దున్నే రైలెక్కి అటు పోతున్న రోజులు. ఆయనకీ పిలుపు వచ్చిందట. తండ్రి లేడు, ఇంట్లో తల్లి, పెళ్లి కావాల్సిన చెల్లెళ్లు. మధ్యాహ్నం ఇంటికొచ్చి భోంచేయడానికి వీలులేని ఉద్యోగం తనకొద్దన్నారు. చేతకాక వంక పెట్టాడని అప్పట్లో నవ్వినవాళ్లున్నారు. నాకైతే అది వంక అనిపించదు. ఆయన జీవితమంతా ఆ దుకాణానికీ ఆ వంటింటికీ మధ్య ఉన్న నడక దూరంలోనే గడిచింది.

కొలగారి దుకాణంలో గుమస్తా పని కూడికలు, తీసివేతలతో తీరేది కాదు. చెరకు నాటే ముందు రైతు పెట్టుబడికి అప్పు తీసుకుంటాడు. గానుగాడి, పాకం కాచి, దిమ్మలు పోసి, వాటిని బజారుకి తెస్తాడు. వేలం అయ్యాక పాత బాకీ, వడ్డీ, కమీషను, కూలి పోను మిగిలింది చేతిలో పడుతుంది. చాలామందికి చదువు రాదు. చీటీలో ఏం రాసినా వేలిముద్ర వేయాల్సిందే. ఈయన మాత్రం జమ వైపు, ఖర్చు వైపు ఒక్కో పద్దూ పైకి చదివి వినిపించేవారు. రైతు తలూపితేనే కింద గీత గీసేవారు. యజమానికి ఇది కాలయాపనగా తోచేది కానీ, చదివిన చీటీ మీద తగాదా రాదని అర్థమయ్యాక ఊరుకున్నాడు.

1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పటి సంగతి ఆయన నోటే విన్నాను. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు. ఇప్పుడు నూరు పైసలు. అణా అంటే ఆరుంపావు పైసలు. పావు పైసా ఎక్కడిది? సర్కారు పట్టికలో అణాకి ఆరు, బేడకి పన్నెండు, మూడణాలకి పందొమ్మిది, పావలాకి ఇరవై అయిదు అని ఇచ్చారు. ఇక్కడే ఉంది తిరకాసు. కళాసీకి మోతకి అణా చొప్పున పదహారు మోతలు పడ్డాయనుకోండి. ఒక్కోటీ విడిగా మారిస్తే పదహారు ఆర్లు తొంభై ఆరు. అణాలన్నీ ముందు కూడి అప్పుడు మారిస్తే నిండు రూపాయి.

“ఆ నాలుగు పైసలు ఎవరివి నాయనా?” అని అడిగేవారు, నిన్నో మొన్నో జరిగినట్టు.

బజారులో కొందరు విడివిడిగా మార్చారు. ఈయన కూడాకే మార్చారు. కళాసీలు రెండు మూడు వారాల్లోనే తేడా పసిగట్టారట. తర్వాత మణుగులు పోయి కిలోలు వచ్చినప్పుడూ ఇంతే. ఎనిమిది వీశెల మణుగంటే పదకొండు కిలోల పైచిలుకు. పది కిలోలకు ధర చెబితే రైతుకి ధర పడిపోయినట్టే అనిపిస్తుంది. పాత లెక్కా కొత్త లెక్కా పక్కపక్కన రాసి చూపించడంతో ఆయనకు ఒక సీజనంతా గడిచిపోయింది.

సాయంత్రం చిట్టాలో నిల్వకీ గల్లాపెట్టెలో డబ్బుకీ పొంతన కుదరకపోతే ఇంటికి కదిలేవారు కాదు. ఒకసారి అర్ధరూపాయి తక్కువొచ్చింది. మీ జేబులోది వేసేసి రాకూడదా అని ఇంటావిడ విసుక్కున్నారట. సొంత డబ్బు వేస్తే తప్పు పెట్టెలోనే దాక్కుంటుందని ఆయన జవాబు. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. ఆ రాత్రి చారు వేడి చేయకుండానే వడ్డించారని పెద్దమ్మాయి ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది.

ఇంటికీ ఒక చిట్టా ఉండేది. దాంట్లో రెండు చేతిరాతలు కనిపిస్తాయి. వారం పొడుగునా ఖర్చులు ఆవిడ రాస్తే, ఆదివారం ఆయన కూడేవారు. నేను చూసిన పేజీల్లో ఆడపిల్లల కాలేజీ ఫీజులున్నాయి. వర్తకుల సంఘం పేరు తన పేరులోనే పెట్టుకున్న మా ఏఎంఏఎల్ కాలేజీయే అది. ఫీజు కట్టిన నెల్లో ఆయన చొక్కా గుడ్డ పద్దు కొట్టేసి ఉంది. కొట్టేసింది ఆయన. పక్కనే మళ్లీ రాసింది ఆవిడ. గెలిచిందెవరో తర్వాతి పేజీలో ఉంది: దర్జీ కూలి.

కొత్తమావాస్యకి నూకాలమ్మ జాతర మొదలవుతుంది. సరిగ్గా మార్చి ఆఖరు లెక్కలు మీద పడే రోజులు. తెల్లవారుజామున పిల్లల్ని, తర్వాత మనవల్ని దర్శనానికి తీసుకెళ్లి, పసుపు కుంకుమలతోనే దుకాణానికి వచ్చేసేవారు. ఆవిడకు చివరి ఏళ్లలో చూపు తగ్గింది. అప్పటినుంచి ఇంటి చిట్టా ఆయనే రాసి, సాయంత్రం పక్కన కూర్చుని పైకి చదివేవారు, రైతులకి చదివినట్టే. ఆవిడ ధరలు విని ‘కూరలవాడు మిమ్మల్ని మోసం చేశాడు’ అనేవారు. చాలాసార్లు ఆవిడ మాటే నిజం.

కంప్యూటరు వచ్చాక కూడా కొన్నాళ్లు దుకాణానికి వెళ్లి, తెరమీద మొత్తాన్ని కాగితం మీద కూడి చూసేవారు. ఒక్కసారీ కంప్యూటరు తప్పు దొరకలేదని కాస్త నొచ్చుకున్నట్టే ఉండేది.

ఇంటి చిట్టాలు పెద్దమ్మాయి దగ్గర భద్రంగా ఉన్నాయి. దుకాణం ఆవర్జాలు చాలావరకు తూకానికి పోయాయి. ఏ ఊరి బెల్లం ఎంత వచ్చింది, ఏ ఏడు ధర ఎంత పలికింది, ఎవరి బాకీ ఎన్నేళ్లకి తీరింది అన్నీ వాటిలోనే ఉండేవి. మా చుట్టుపక్కల వీధుల్లో పాత గుమస్తాల ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. అటక సర్దే ముందు నాకు ఒక్క మాట చెప్పమని అందరికీ చెప్పి ఉంచాను. ఇద్దరు సరేనన్నారు. ఒకరు, కిలోకి ఎంతిస్తారని అడిగారు.