అనకాపల్లి బెల్లం: పానకం అయితే ప్రసాదం, పులిస్తే కేసు

హైదరాబాద్, బెంగళూరు పబ్బుల్లో ఇప్పుడు క్రాఫ్ట్ బీర్ ట్రెండ్ కదా. అక్కడికక్కడే చిన్న ట్యాంకుల్లో కాచి, గ్లాసులో పోసి ఇస్తారు. మొన్న మా ఫ్రెండ్ ఒకడు అడిగాడు: "ఒరేయ్, మన అనకాపల్లి బెల్లంతో ఎవడూ బీర్ ఎందుకు చెయ్యట్లేదురా?" నవ్వేశాను. తర్వాత చరిత్ర తిరగేస్తే నవ్వు ఆగిపోయింది.

ముందు చిన్న సైన్స్. బీర్ అసలు పుట్టేది బార్లీ నుంచి. బార్లీలో ఉండేది పిండి పదార్థం. దాన్ని మొలకెత్తించి, వేడి నీళ్ళలో నానబెట్టి చక్కెరగా మార్చాలి. ఆ చక్కెరని ఈస్ట్ తింటే ఆల్కహాల్ వస్తుంది. బెల్లంలో అయితే చక్కెర రెడీగా ఉంటుంది. నీళ్ళు కలిపి వదిలేసినా పులుస్తుంది. బీర్‌లో కొంచెం కలపొచ్చు గానీ, ఒక్క బెల్లంతో చేస్తే అది బీర్ అనిపించుకోదు. ఇంత ఈజీగా పులవడమే బెల్లానికి శాపం అయింది. పేపర్లో "బెల్లపు ఊటలు ధ్వంసం" అనే వార్త చూసే ఉంటారు. ఆ ఊటని బట్టీ పెడితే నాటుసారా.

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం. 1948 నాటికి మద్రాసు రాష్ట్రం మొత్తం మద్య నిషేధం వచ్చింది. అప్పుడు మన విశాఖ జిల్లా, అందులో అనకాపల్లి, మద్రాసులోనే ఉన్నాయి. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ఏడాది తిరగ్గానే, 1954 నవంబర్‌లో, ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం ఈ నిషేధం గొడవ మీదే అవిశ్వాసంలో పడిపోయింది. 1960ల చివర్లో నిషేధం ఎత్తేశారు. సారా వేలంపాటలు ఖజానాకి పెద్ద ఆదాయం అయిపోయాయి.

ఆ ఆదాయం ఎవరి కూలి డబ్బు? ఆ లెక్క అడిగింది నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు. రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూనే, 1992లో ఊళ్ళో సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి సారా బంద్. 1995 జనవరి 16 నుంచి ఎన్టీఆర్ సంపూర్ణ మద్య నిషేధం. 1997లో సంపూర్ణ నిషేధం తీసేశారు గానీ, సారా మీద నిషేధం మాత్రం ఉండిపోయింది.

అసలు పాయింట్ ఇక్కడ ఉంది. చెరకు మిల్లుకి వెళ్తే పంచదార వస్తుంది, మొలాసిస్ మిగులుతుంది. మొలాసిస్ డిస్టిలరీకి వెళ్తే స్పిరిట్. రంగు, వాసన కలిపితే సీసాలో బ్రాందీ, లేబుల్, ట్యాక్స్, అంతా లీగల్. అదే చెరకు రైతు గానుగాడి, పెనంలో కాచి దిమ్మ కడితే బెల్లం. అది పులిస్తే నేరం. నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే ఇన్‌పుట్ ఒకటే, మధ్యలో ఉన్న ఇఫ్ కండిషన్ పేరు లైసెన్స్.

నిషేధం తప్పు అనట్లేదు. నాటుసారాలో ఏం కలిపారో, ఎంత ఘాటో చెప్పేవాడు ఉండడు. కానీ దెబ్బ ఎవరికి తగులుతోందో చూడండి. చెరకు తుఫానుకి పడిపోయినా, దెబ్బతిన్నా, రసం నాణ్యత తగ్గి బెల్లం నల్లగా వస్తుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ ఈ ప్రాంతం మీదుగానే వెళ్ళింది. నల్లబెల్లం ఇంట్లోకి ఎవరూ కొనరు, ధర పడిపోతుంది. పైగా "సారాకేగా?" అనే అనుమానం. తెల్లగా కనపడాలని కొందరు హైడ్రోస్ కలుపుతారు, అది ఆరోగ్యానికి మంచిది కాదు. అంటే నల్లగా ఉంటే పోలీసు భయం, తెల్లగా చేస్తే కెమికల్.

1913 నుంచి చెరకు పరిశోధన కేంద్రం ఉన్న ఊరు మనది. దేశంలోనే పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి మనది. కానీ పంట రైతుది, కాచే హక్కు మాత్రం ఇంకొకరిది. గోవాలో జీడిమామిడి పండుతో చేసే ఫెనీ ఒకప్పుడు నాటు సరుకే. 2009లో దానికి జీఐ ట్యాగ్ వచ్చింది, 2016లో వారసత్వ పానీయం హోదా ఇచ్చారు. అది సారాయే, కానీ కొలత, పేరు, లెక్క ఉన్న సారా.

మరి అనకాపల్లిలో బెల్లం బ్రూవరీ పెట్టాలా? నా సమాధానం: ఆ మాట మాట్లాడే టేబుల్ దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉంచకూడదు. ఒకటి నల్లబెల్లం అమ్ముకోలేక కూర్చున్న రైతుది. రెండోది దూబగుంట అక్కలది. వాళ్ళిద్దరూ లేకుండా పెడితే అది ఇంకో పబ్బు, అంతే. మీ తాతగారు గానుగ ఆడినవాళ్ళైతే ఈ సంక్రాంతికి ఒకసారి అడగండి, నల్లబెల్లం ఎవరికి అమ్మేవారో.