వీగిపోయిన బిల్లు, గట్టెక్కిన బ్యాంకులు

కూలిపోతున్న బ్యాంకును ప్రభుత్వ ఖజానా సొమ్ముతో గట్టెక్కించాలా, దాని మానాన దాన్ని వదిలేయాలా అన్న తగువు చాలా పాతది. ఆదుకుంటే, అత్యాశకు పోయినవాడి నష్టాన్ని పన్ను కట్టేవాడు మోయాలి. వదిలేస్తే, ఏ పాపమూ ఎరుగని డిపాజిటుదారు, నెల జీతగాడు, చిన్న వ్యాపారి కూడా ఆ బ్యాంకుతో పాటే మునిగిపోతారు. రెండు వైపులా న్యాయం ఉంది కాబట్టే ఈ తగువు ఎన్ని తరాలు గడిచినా తెగలేదు. అది చట్టసభ నడిబొడ్డున ఓటింగుకు వచ్చి, దేశాధ్యక్షుడి మాటను ఆయన సొంత పార్టీ సభ్యులే కాదన్న రోజు 2008 సెప్టెంబరు 29. సెప్టెంబరు చివరి వారం వచ్చిందంటే అమెరికా ప్రతినిధుల సభలో జరిగిన ఆ ఓటింగు మళ్లీ చర్చలోకి వస్తుంది.

రోము నుంచి వాల్ స్ట్రీట్ దాకా

చరిత్రలో నమోదైన తొలి ఉదంతాల్లో ఒకటి క్రీ.శ. 33 నాటిది. రోములో వడ్డీ వ్యాపారులు ఇచ్చిన అప్పులన్నీ ఒక్కసారిగా తిరిగి అడగడంతో జనం భూములు తెగనమ్ముకున్నారు, ధరలు పడిపోయాయి. టైబీరియస్ చక్రవర్తి పది కోట్ల సెస్టర్సులు బయటికి తీసి, మూడేళ్ల పాటు వడ్డీ లేకుండా అప్పులిప్పించాడు. తీసుకున్న అప్పుకు రెట్టింపు విలువైన భూమిని హామీగా చూపాలన్నది షరతు. ఈ సంగతిని చరిత్రకారుడు టాసిటస్ రాసిపెట్టాడు. సామ్రాజ్యంలో ప్రతిపక్షం లేదు కాబట్టి తగువూ లేదు.

పార్టీల తగువు మొదలైంది పార్టీలతోనే. 1792లో న్యూయార్క్ రుణపత్రాల మార్కెట్ కుప్పకూలినప్పుడు అమెరికా తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ప్రభుత్వ నిధితో ఆ పత్రాలు కొనిపించి ధరలు నిలబెట్టాడు. ఆయన ఆర్థిక విధానాలు నగరాల్లోని జూదగాళ్లకు దోచిపెడుతున్నాయని జెఫర్సన్, మాడిసన్ వర్గం ధ్వజమెత్తింది. 1832లో అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ జాతీయ బ్యాంకు లైసెన్సు పొడిగింపును వీటో చేశాడు. ఆయనను వ్యతిరేకించినవారు విగ్ పార్టీగా ఏకమయ్యారు.

1866లో లండన్‌లో ఓవరెండ్ గర్నీ సంస్థ చేయి చాస్తే బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కాదంది. ఆ సంస్థను మునగనిచ్చి, భయంతో వచ్చిన మిగతావారికి మాత్రం ధారాళంగా అప్పులిచ్చింది. గట్టి హామీ ఉన్నవాడికి ఎక్కువ వడ్డీ మీద ఎంతైనా ఇవ్వాలన్న సూత్రాన్ని వాల్టర్ బాజెట్ 1873లో పుస్తకంగా రాశాడు. 1907లో అమెరికాకు కేంద్ర బ్యాంకు లేదు. జె.పి. మోర్గాన్ తన గ్రంథాలయంలో బ్యాంకర్లను కూర్చోబెట్టి, తలుపులు బిగించి చందాలు వేయించాడు. ఒక దేశం ఒక ధనికుడి దయ మీద ఆధారపడకూడదన్న ఆలోచన నుంచే 1913లో ఫెడరల్ రిజర్వ్ పుట్టింది.

1932లో రిపబ్లికన్ అధ్యక్షుడు హూవర్ బ్యాంకులకు అప్పులిచ్చే ప్రభుత్వ సంస్థను నెలకొల్పాడు. దాని అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్న కొద్ది వారాలకే మాజీ ఉపాధ్యక్షుడు చార్లెస్ డాస్ నడిపే షికాగో బ్యాంకుకు అదే సంస్థ నుంచి 9 కోట్ల డాలర్ల అప్పు మంజూరైంది. డెమొక్రాట్లు దాన్ని ఎన్నికల అస్త్రంగా మలచుకున్నారు. మరుసటి ఏడాది మార్చిలో అధికారంలోకి వచ్చిన రూజ్‌వెల్ట్ దేశమంతటా బ్యాంకులకు సెలవు ప్రకటించాడు. మార్చి 9న అత్యవసర బ్యాంకింగ్ చట్టం ఒక్క రోజులోనే రెండు సభలనూ దాటింది. డిపాజిట్లకు బీమా కూడా ఆ ఏడాది చట్టమైంది. ఆ తర్వాత డెబ్బై అయిదేళ్లకు అదే చట్టసభ ముందుకు అదే ప్రశ్న మళ్లీ వచ్చింది.

మూడు పేజీలు, 70,000 కోట్ల డాలర్లు

తీర్చే స్తోమత లేనివారికి కూడా ఇళ్ల రుణాలిచ్చి, ఆ రుణాలను మూటలు కట్టి పత్రాలుగా ప్రపంచమంతా అమ్మడం ఈ సంక్షోభానికి మూలం. 2006 తర్వాత ఇళ్ల ధరలు తిరగబడ్డాయి. ఏ మూటలో ఎంత మొండిబాకీ ఉందో ఎవరికీ తెలియక, బ్యాంకులు ఒకదాన్నొకటి నమ్మడం మానేశాయి. 2008 సెప్టెంబరు 15న 158 ఏళ్ల పెట్టుబడి బ్యాంకు లేమన్ బ్రదర్స్ దివాలా పిటిషన్ వేసింది. దాని ఆస్తుల విలువ 63,900 కోట్ల డాలర్లు. మరునాడు బీమా సంస్థ ఏఐజీని నిలబెట్టడానికి ఫెడరల్ రిజర్వ్ 8,500 కోట్ల డాలర్ల అప్పు ప్రకటించింది. అదే రోజు ఒక పెద్ద మనీ మార్కెట్ ఫండులో డాలరు విలువ 97 సెంట్లకు పడింది. పైసా నష్టం రాదని జనం నమ్మి దాచుకున్న చోటే సొమ్ము తరిగిపోయింది.

ఆర్థిక మంత్రి హెన్రీ పాల్సన్, ఫెడరల్ రిజర్వ్ చైర్మన్ బెన్ బెర్నాంకీ సెప్టెంబరు 18 సాయంత్రం ఉభయ పార్టీల నాయకులను స్పీకర్ నాన్సీ పెలోసీ కార్యాలయంలో కలిసి ప్రమాదాన్ని వివరించారు. పాల్సన్ అంతకుముందు గోల్డ్‌మన్ శాక్స్ అధిపతి. బెర్నాంకీ 1930ల మహామాంద్యంపై పరిశోధన చేసిన ఆచార్యుడు. రెండు రోజుల తర్వాత ఆర్థిక శాఖ పంపిన ముసాయిదా మూడు పేజీలు. మొండి పత్రాలు కొనడానికి 70,000 కోట్ల డాలర్లు కావాలని అందులో అడిగారు. మంత్రి నిర్ణయాలను ఏ కోర్టూ సమీక్షించరాదన్న నిబంధన కూడా అందులో ఉంది.

సభ్యులు భగ్గుమన్నది ఆ నిబంధన మీదే. అధ్యక్షుడు జార్జ్ బుష్ రిపబ్లికన్. రెండు సభల్లో ఆధిక్యం డెమొక్రాట్లది. అయినా తగువు పార్టీల గీత వెంట చీలలేదు. లాభం ప్రైవేటుకూ నష్టం ప్రజలకూ పంచడం మార్కెట్ ధర్మం కాదని రిపబ్లికన్ సంప్రదాయవాదులు వాదించారు. కెంటకీ సెనేటర్ జిమ్ బన్నింగ్ దీన్ని సోషలిజం అన్నారు. కొనుగోళ్లకు బదులు ప్రభుత్వం బీమా కల్పించి, దాని ప్రీమియం బ్యాంకుల చేతే కట్టించాలని ఆ వర్గం ప్రత్యామ్నాయం చూపింది. డెమొక్రాట్లలో వామపక్షం అడిగింది వేరు. సంస్థను ముంచిన అధికారికి కోట్లలో పరిహారం ఎందుకు, వాయిదా కట్టలేక ఇల్లు పోగొట్టుకుంటున్న కుటుంబానికి దక్కేదేమిటి అని. రెండు కొసల్లో ఉన్నవారు వేర్వేరు కారణాలతో ఒకే మాట మీదికి వచ్చారు.

మోకరిల్లిన మంత్రి

ఎన్నికలకు అయిదారు వారాలే గడువుంది. సెప్టెంబరు 24న రిపబ్లికన్ అభ్యర్థి జాన్ మెకెయిన్ ప్రచారం ఆపి వాషింగ్టన్ బయల్దేరారు. ఆ రాత్రి బుష్ టీవీలో జాతిని ఉద్దేశించి మాట్లాడారు. మరునాడు వైట్‌హౌస్‌లో మెకెయిన్, డెమొక్రాట్ అభ్యర్థి ఒబామా, ఉభయ పార్టీల నాయకులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. తన సభ్యులు ఈ బిల్లుకు సిద్ధంగా లేరని సభలో రిపబ్లికన్ నాయకుడు జాన్ బేనర్ తేల్చి చెప్పడంతో సమావేశం కేకలతో ముగిసింది. పక్క గదిలో చర్చించుకుంటున్న డెమొక్రాట్ల దగ్గరికి పాల్సన్ వెళ్లి, పెలోసీ ముందు మోకాలి మీద వంగి, దీన్ని చెడగొట్టవద్దని వేడుకున్నారు. చెడగొడుతున్నది తాము కాదని ఆమె బదులిచ్చారు. ప్రపంచంలోకెల్లా సంపన్న దేశపు ఆర్థిక మంత్రి ఎదుటి పార్టీ నాయకురాలి ముందు మోకరిల్లాల్సిన పరిస్థితి అది. ఆ రాత్రే 30,700 కోట్ల డాలర్ల ఆస్తులున్న వాషింగ్టన్ మ్యూచువల్ మూతపడింది. అమెరికా చరిత్రలో అతిపెద్ద బ్యాంకు పతనం అదే.

వారాంతమంతా బేరసారాలు సాగాయి. మూడు పేజీల ముసాయిదా నూటపది పేజీలైంది. సొమ్ము విడతలుగా ఇవ్వాలని, పర్యవేక్షణ మండలి ఉండాలని, అధికారుల జీతభత్యాలకు హద్దు పెట్టాలని, సాయం పొందిన సంస్థల లాభంలో ప్రజలకు వాటా రావాలని కొత్త షరతులు చేరాయి. ఏ కోర్టూ అడగరాదన్న నిబంధన ఎగిరిపోయింది. ఈ షరతులన్నీ చట్టసభ నిలదీసినందువల్లే వచ్చాయి.

సోమవారం, సెప్టెంబరు 29. నియోజకవర్గాల నుంచి వస్తున్న ఫోన్లతో సభ్యుల కార్యాలయాలు దద్దరిల్లాయి. అత్యధికులది ఒకటే మాట: ఓటు వేయొద్దు. ఓటింగుకు ముందు పెలోసీ బుష్ ఆర్థిక విధానాలను ఎండగడుతూ ప్రసంగించారు. పదిహేను నిమిషాల్లో ముగియాల్సిన ఓటింగును సుమారు నలభై నిమిషాలు తెరిచి ఉంచారు. నాయకులు సభ్యులను పక్కకు పిలిచి బతిమాలారు. న్యూయార్క్‌లో వ్యాపారులు టీవీలో అంకెలు చూస్తూ షేర్లు తెగనమ్మారు. చివరికి అనుకూలం 205, వ్యతిరేకం 228. డెమొక్రాట్లలో 140 మంది అవునంటే 95 మంది కాదన్నారు. రిపబ్లికన్లలో 65 మంది అవునంటే 133 మంది కాదన్నారు. బిల్లు వీగిపోయింది. డౌ జోన్స్ సూచీ 777 పాయింట్లు పడింది. అప్పటిదాకా ఒక్క రోజులో అన్ని పాయింట్లు పడిన దాఖలా లేదు. మార్కెట్లో సుమారు 1.2 లక్షల కోట్ల డాలర్ల విలువ ఆవిరైంది.

పెలోసీ ప్రసంగం వల్లే తమ ఓట్లు జారిపోయాయని రిపబ్లికన్ నాయకులు ఆరోపించారు. పన్నెండు మంది అటు నుంచి ఇటు మారితే నెగ్గేది కాబట్టి, మనసు నొచ్చుకున్న ఆ పన్నెండు మంది పేర్లు చెబితే వెళ్లి మంచిగా మాట్లాడతానని డెమొక్రాట్ బార్నీ ఫ్రాంక్ తిప్పికొట్టారు. ఓటమికి అసలు కారణం ప్రసంగం కాదు. నవంబరు 4న సభలోని 435 స్థానాలకూ ఎన్నిక ఉంది. గట్టి పోటీలో ఉన్న సభ్యుల్లో అత్యధికులు రెండు పార్టీల్లోనూ బిల్లుకు ఎదురు తిరిగారు.

తర్వాత అంతా చకచకా నడిచింది. అక్టోబరు 1న సెనేట్ బిల్లును 74–25తో ఆమోదించింది. ఒబామా, మెకెయిన్, బైడెన్ ముగ్గురూ అనుకూలంగా ఓటేశారు. డిపాజిట్ బీమా పరిమితిని లక్ష డాలర్ల నుంచి రెండున్నర లక్షలకు పెంచారు. సభ్యులను ఒప్పించడానికి రకరకాల పన్ను రాయితీలు చేర్చారు. పిల్లలు ఆడుకునే చెక్క బాణాలపై సుంకం మినహాయింపు కూడా అందులో ఒకటి. అక్టోబరు 3న ప్రతినిధుల సభ 263–171తో ఒప్పుకుంది. నాలుగు రోజుల్లో 58 అనుకూల ఓట్లు పెరిగాయి. అయినా రిపబ్లికన్లలో 91 మందే అవునన్నారు, 108 మంది ససేమిరా అన్నారు. బుష్ అదే రోజు సంతకం చేశారు. ఈ నిధి నిర్వహణ బాధ్యతను భారత సంతతికి చెందిన ముప్పై అయిదేళ్ల నీల్ కష్కరీకి అప్పగించారు.

లెక్క తేలింది, కోపం తేలలేదు

ఇక్కడి నుంచి కథ ఒక దారిన నడవదు. మొండి పత్రాలు కొంటామని తెచ్చిన చట్టంతో ప్రభుత్వం బ్యాంకుల్లో వాటాలే కొంది. అక్టోబరు 13న పాల్సన్ తొమ్మిది పెద్ద బ్యాంకుల అధిపతులను పిలిచి 12,500 కోట్ల డాలర్ల పెట్టుబడికి ఒప్పించారు. నాగపూర్‌లో పుట్టిన సిటీగ్రూప్ అధిపతి విక్రమ్ పండిట్ వారిలో ఒకరు. తర్వాత ఆ నిధి నుంచే కార్ల కంపెనీలకూ సొమ్ము వెళ్లింది. బ్యాంకుల్లో పెట్టిన సుమారు 24,500 కోట్ల డాలర్లకు 27,500 కోట్లకు పైగా తిరిగి వచ్చాయి. ఏఐజీ, కార్ల కంపెనీలు, ఇళ్ల రుణాల ఊరట పద్దులు కలిపితే నికరంగా ఖజానాకు మిగిలిన భారం సుమారు 3,100 కోట్ల డాలర్లు. మొదట అడిగిన మొత్తంతో పోలిస్తే అది చాలా తక్కువ.

జనం మాత్రం ఈ లెక్క చూడలేదు. లక్షల కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేస్తున్న వేళ, 2009 మార్చిలో ఏఐజీ 16.5 కోట్ల డాలర్ల బోనసులు పంచింది. కుడివైపు టీ పార్టీ ఉద్యమం పుట్టింది. 2011లో ఎడమవైపు వాల్ స్ట్రీట్ ముట్టడి ఉద్యమం మొదలైంది. 2008లో అవునన్న యూటా రిపబ్లికన్ సెనేటర్ బాబ్ బెన్నెట్‌కు 2010లో సొంత పార్టీ మళ్లీ టికెట్ ఇవ్వలేదు. అదే ఏడాది వచ్చిన డాడ్–ఫ్రాంక్ ఆర్థిక సంస్కరణ చట్టానికి ప్రతినిధుల సభలో ముగ్గురే రిపబ్లికన్లు ఓటేశారు. 2018లో అందులోని కొన్ని కట్టుబాట్లు సడలించారు. 2023 మార్చిలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు, సిగ్నేచర్ బ్యాంకు కూలినప్పుడు సడలింపే కారణమని ఒక పక్షం, పర్యవేక్షకుల నిద్రే కారణమని మరో పక్షం నిందించుకున్నాయి. బీమా పరిమితి దాటిన డిపాజిట్లకూ ప్రభుత్వం హామీ ఇచ్చింది. కూలేనాటికి సిగ్నేచర్ బ్యాంకు డైరెక్టర్లలో, ఆ సంస్కరణ చట్టానికి పేరిచ్చిన బార్నీ ఫ్రాంక్ కూడా ఒకరు.

తెలుగు నేలకూ ఈ తగువు కొత్త కాదు. 2004లో హైదరాబాద్ కేంద్రంగా నడిచిన గ్లోబల్ ట్రస్ట్ బ్యాంకుపై రిజర్వ్ బ్యాంకు మారటోరియం విధించి, దాన్ని ప్రభుత్వ రంగ ఓరియెంటల్ బ్యాంకులో కలిపేసింది. డిపాజిటుదారుల సొమ్ము దక్కింది, వాటాదారులకు ఏమీ రాలేదు. కూలే బ్యాంకు నష్టంలో డిపాజిటుదారుకూ భాగం పెట్టే వీలున్న బిల్లు 2017లో పార్లమెంటుకు వచ్చింది. ప్రతిపక్షాలు, ఉద్యోగ సంఘాలు వ్యతిరేకించాయి. 2018 ఆగస్టులో కేంద్రం దాన్ని ఉపసంహరించుకుంది.

రెండు వేల ఏళ్ల ఈ చరిత్రలో నిలిచే తీర్పు ఒకటే. బ్యాంకు ఒక్కటే మునగదు కాబట్టి ప్రభుత్వం చేయి అందించక తప్పదు. కానీ ఎవరికి, ఏ షరతు మీద, ఎవరి ముందు జవాబుదారీగా అన్నది చట్టసభే తేల్చాలి. ఇల్లు కాలుతున్నప్పుడు మూడు పేజీల్లో రాసుకునే షరతులు న్యాయంగా ఉండవు. వాటిని ప్రశాంత కాలంలోనే రాసుకోవాలి. అమెరికా బ్యాంకులు అప్పు తీర్చాయి. ఇల్లు పోగొట్టుకున్న కుటుంబాల బాకీ ఇంకా తీరలేదు.