కారు ఆంప్లిఫయరు, సబ్ వూఫర్ల వైరింగు లోపాలు

కారు ఆంప్లిఫయరు వైరింగు అనగా కారు బ్యాటరీ నుండి ఆంప్లిఫయరుకు విద్యుత్తును, స్టీరియో నుండి ఆంప్లిఫయరుకు ధ్వని సంకేతాన్ని, ఆంప్లిఫయరు నుండి సబ్ వూఫర్లకు శక్తిని చేరవేసే తీగల అమరిక. సబ్ వూఫరు అనేది సుమారు 20 నుండి 200 హెర్ట్జ్ వరకు గల మంద్ర ధ్వనులను మాత్రమే వినిపించే పెద్ద స్పీకరు. ఈ ధ్వనులకు అధిక శక్తి అవసరం కనుక స్టీరియోలో ఉండే చిన్న ఆంప్లిఫయరు సరిపోదు. అందువలన డిక్కీలో గాని, సీటు క్రింద గాని వేరొక ఆంప్లిఫయరును అమర్చుతారు.

ధ్వని ఆగిపోయినపుడు, తగ్గినపుడు లేదా మోత వినిపించినపుడు ఆంప్లిఫయరు కాలిపోయిందని భావించడం సర్వసాధారణం. కాని లోపం తరచుగా తీగల కలయికల వద్దనే ఉంటుంది. నెల్లూరు జిల్లాలోని అల్లూరు వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉప్పు గాలి వలన ఈ కలయికలు మరింత త్వరగా పాడవుతాయి. కొత్త ఆంప్లిఫయరు కొనే ముందు వైరింగును ఒక క్రమంలో పరీక్షించడం వలన వృథా ఖర్చు తప్పుతుంది. కొన్ని సందర్భాలలో అగ్నిప్రమాదం కూడా తప్పుతుంది.

నేపథ్యం

అమెరికాలో గాల్విన్ సంస్థ 1930లో మోటరోలా పేరుతో కారు రేడియోను విడుదల చేసింది. ఆనాటి కార్లలో చాలావాటికి 6 వోల్టుల బ్యాటరీ ఉండేది. 1950వ దశకంలో 12 వోల్టుల బ్యాటరీలు వ్యాప్తిలోకి వచ్చాయి. నేటికీ కారు ఆంప్లిఫయర్లు ఈ 12 వోల్టులతోనే పనిచేస్తాయి. ఇళ్ళలోని 230 వోల్టులతో పోలిస్తే ఇది చాలా తక్కువ. వోల్టేజి తక్కువైనపుడు అదే శక్తిని ఇవ్వడానికి ఎక్కువ విద్యుత్ ప్రవాహం కావాలి. కారు వైరింగులో వచ్చే చిక్కులలో అధికభాగానికి మూలం ఇదే.

ఉదాహరణకు, 500 వాట్ల ధ్వనిశక్తిని ఇచ్చే డి తరగతి ఆంప్లిఫయరు సామర్థ్యం 80 శాతం అనుకుంటే, అది బ్యాటరీ నుండి 625 వాట్లు తీసుకుంటుంది. ఇంజను నడిచేటపుడు ఉండే 13.8 వోల్టుల వద్ద ఇది సుమారు 45 ఆంపియర్లు. 55 శాతం సామర్థ్యం గల ఎబి తరగతి ఆంప్లిఫయరుకైతే అదే ధ్వనికి సుమారు 66 ఆంపియర్లు అవసరమవుతాయి.

తీగలు

* పాజిటివ్ తీగ: బ్యాటరీ నుండి నేరుగా ఆంప్లిఫయరుకు వస్తుంది. బ్యాటరీకి సుమారు 45 సెంటీమీటర్ల లోపే దీనికి ఫ్యూజు ఉండాలి.
* ఎర్త్ తీగ: ఆంప్లిఫయరు నుండి కారు బాడీకి కలుపుతారు. ఇది పాజిటివ్ తీగ అంత లావుగా, వీలైనంత పొట్టిగా ఉండాలి.
* రిమోట్ తీగ: స్టీరియో వేసినపుడు ఆంప్లిఫయరును మేల్కొలిపే సన్నని తీగ. దీనిని నేరుగా బ్యాటరీకి కలిపితే ఆంప్లిఫయరు ఎప్పటికీ ఆగదు, బ్యాటరీ క్రమంగా ఖాళీ అవుతుంది.
* సంకేతపు తీగలు: స్టీరియో నుండి ధ్వని సంకేతాన్ని తెస్తాయి.
* స్పీకరు తీగలు: ఆంప్లిఫయరును సబ్ వూఫర్లతో కలుపుతాయి.

తీగ లావు చాలకపోతే దారిలోనే వోల్టేజి పడిపోతుంది. 45 ఆంపియర్ల వద్ద 5 మీటర్ల పొడవు గల 6 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగలో సుమారు 0.65 వోల్టులు పోతాయి. అదే 16 చదరపు మిల్లీమీటర్ల తీగలో 0.24 వోల్టులు మాత్రమే పోతాయి. బజారులో చవకగా దొరికే, రాగి పూత గల అల్యూమినియం తీగకు అదే లావు రాగి తీగ కంటే సుమారు ఒకటిన్నర రెట్లు నిరోధం ఉంటుంది. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పోగు చివరను గీకి చూస్తే లోపలి తెల్లని లోహం బయటపడుతుంది.

అల్లూరు తీరప్రాంత పరిస్థితులు

అల్లూరు బంగాళాఖాతానికి సమీపంలో ఉన్నది. ఈ మండలంలోని ఇస్కపల్లి సముద్రపు ఒడ్డు గ్రామం. ఇటువంటి చోట్ల గాలిలోని ఉప్పు కణాలు లోహాలపై పలుచని పొరగా పేరుకొని తేమను పీల్చుకుంటాయి. తడిసిన ఉప్పు పొర విద్యుద్వాహకం కనుక తుప్పును వేగవంతం చేస్తుంది. రాగి తీగ చివర పచ్చని చిలుము పడుతుంది. ఎర్త్ కోసం రంగు గీకిన చోట ఇనుము తుప్పు పడుతుంది. అల్యూమినియం, ఇనుము కలిసిన చోట రెండు లోహాల భేదం వలన అల్యూమినియం త్వరగా తినివేయబడుతుంది.

నెల్లూరు జిల్లాలో వర్షపాతం ఎక్కువగా అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల కాలంలో కురుస్తుంది. అప్పుడు కారు లోపలి తివాచీ క్రింద చేరిన నీరు అక్కడి ఎర్త్ కలయికను పాడుచేస్తుంది. రోహిణీ కార్తె ఎండలలో మరొక ఇబ్బంది ఎదురవుతుంది. మూసిన డిక్కీలో వేడెక్కిన ఆంప్లిఫయరు తనంతట తానే ఆగి, చల్లబడిన తరువాత తిరిగి పనిచేస్తుంది. ఇది చాలా సార్లు గాలి ఆడకపోవడం వలన కలుగుతుంది. అయితే వోల్టేజి తగ్గినా, స్పీకర్ల నిరోధం తక్కువైనా కూడా ఆంప్లిఫయరు అధికంగా వేడెక్కవచ్చు.

లోపాన్ని గుర్తించే క్రమం

పరీక్షకు మల్టీమీటరు ఉంటే చాలు.

1. బ్యాటరీ: ఇంజను ఆపి ఉన్నపుడు పూర్తిగా ఛార్జి అయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. ఇంజను నడిచేటపుడు సాధారణంగా 13.8 నుండి 14.4 వోల్టులు ఉంటుంది. నడుస్తున్నా 12.6 దాటకపోతే ముందుగా ఆల్టర్నేటరును చూడాలి.

2. ఆంప్లిఫయరు వద్ద విద్యుత్తు: పాజిటివ్, ఎర్త్ బిగింపుల మధ్య దాదాపు బ్యాటరీ వోల్టేజి ఉండాలి. లేనిచో ఫ్యూజును, ఎర్త్ ను చూడాలి. స్టీరియో వేసి రిమోట్ బిగింపు వద్ద కూడా సుమారు 12 వోల్టులు ఉన్నదీ లేనిదీ చూడాలి.

3. భారంతో పరీక్ష: పాట బిగ్గరగా మ్రోగుతుండగా బ్యాటరీ పాజిటివ్ కు, ఆంప్లిఫయరు పాజిటివ్ కు మధ్య వోల్టేజి కొలవాలి. అదే విధంగా బ్యాటరీ నెగటివ్ కు, ఆంప్లిఫయరు ఎర్త్ కు మధ్య కొలవాలి. ఏ వైపు అయినా అర వోల్టు కంటే ఎక్కువ కనిపిస్తే ఆ వైపు తీగ సన్నదైనా అయి ఉండాలి, కలయిక చెడినా ఉండాలి.

4. రక్షణ దీపం: ఆంప్లిఫయరుపై రక్షణను సూచించే దీపం వెలిగితే, ఆపివేసి స్పీకరు తీగలను తీసి తిరిగి వేయాలి. దీపం ఆరితే లోపం స్పీకరు వైపు ఉన్నట్లు. ఆరకపోతే సంకేతపు తీగలను కూడా తీసి చూడాలి. విద్యుత్తు, ఎర్త్, రిమోట్ తీగలు మాత్రమే మిగిలి, వోల్టేజి సరిగా ఉండి, ఆంప్లిఫయరు చల్లగా ఉన్నా దీపం వెలుగుతుంటే అపుడు ఆంప్లిఫయరునే అనుమానించాలి.

ఈ క్రమంలో మూడవ పరీక్ష ముఖ్యమైనది, అయినా ఎక్కువగా విస్మరించబడేది. చెడిన ఎర్త్ ను మల్టీమీటరు నిరోధపు స్థానంలో పెట్టి కొలిస్తే దాదాపు సున్నాయే చూపుతుంది. కేవలం 0.02 ఓముల నిరోధం గల కలయికను సాధారణ మీటరు పసిగట్టలేదు. కాని దాని గుండా 45 ఆంపియర్లు ప్రవహించినపుడు 0.9 వోల్టులు పోవడమే కాక, సుమారు 40 వాట్ల వేడి ఆ ఒక్క బోల్టు వద్ద పుడుతుంది. ఇది సాధారణంగా వాడే 25 వాట్ల సోల్డరింగ్ ఇనుము వేడి కంటే ఎక్కువ.

సబ్ వూఫర్ల కలయిక

ప్రతి ఆంప్లిఫయరుకు అది భరించగల కనీస నిరోధాన్ని తయారీదారు నిర్ణయిస్తాడు. అంతకంటే తక్కువ నిరోధాన్ని కలిపితే ప్రవాహం హద్దు మీరి ఆంప్లిఫయరు వేడెక్కుతుంది లేదా ఆగిపోతుంది.

* రెండు 4 ఓముల సబ్ వూఫర్లను సమాంతరంగా కలిపితే 2 ఓములు, శ్రేణిలో కలిపితే 8 ఓములు.
* ఒక్కొక్క దానిలో రెండు 4 ఓముల వాయిస్ కాయిళ్ళు గల రెండు సబ్ వూఫర్లలో, నాలుగు కాయిళ్ళనూ సమాంతరంగా కలిపితే 1 ఓము.
* అవే సబ్ వూఫర్లలో దేని కాయిళ్ళను దానికి శ్రేణిలో కలిపి, తరువాత రెండింటినీ సమాంతరంగా కలిపితే 4 ఓములు.

ఆంప్లిఫయరులోని రెండు ఛానళ్ళను కలిపి ఒకే సబ్ వూఫరుకు ఇచ్చినపుడు ఒక్కొక్క ఛానలుకు అందులో సగం నిరోధమే కనిపిస్తుంది. కనుక 4 ఓముల సబ్ వూఫరును ఇలా కలపాలంటే ఆ ఛానలు 2 ఓములను భరించగలిగి ఉండాలి. మల్టీమీటరుతో కొలిచినపుడు మంచి 4 ఓముల కాయిల్ కూడా సాధారణంగా 3 నుండి 4 ఓముల మధ్య చూపుతుంది. ఇది లోపం కాదు. ఏమీ చూపకపోతే కాయిల్ తెగినట్లు, సున్నా చూపితే ఎక్కడో తీగలు ఒకదానికొకటి తగిలినట్లు.

రెండు సబ్ వూఫర్లు మ్రోగుతున్నా మంద్రధ్వని బలహీనంగా ఉంటే ఒక దాని తీగలు తారుమారై ఉండవచ్చు. అపుడు ఒక కోన్ ముందుకు వచ్చేటపుడు మరొకటి వెనుకకు పోయి రెండు ధ్వనులూ పరస్పరం రద్దవుతాయి. ఆంప్లిఫయరు నుండి తీగలను విడదీసి, గోడ గడియారపు 1.5 వోల్టుల సెల్లును సబ్ వూఫరు పాజిటివ్, నెగటివ్ తీగలకు క్షణకాలం తాకించాలి. సక్రమంగా ఉంటే సాధారణంగా కోన్ ముందుకు కదులుతుంది. రెండూ ఒకే వైపు కదలాలి.

మోత

ఇంజను వేగంతో పాటు స్థాయి మారే సన్నని కూత వినిపిస్తే అది ఆల్టర్నేటరు నుండి వచ్చేది. స్టీరియోకు, ఆంప్లిఫయరుకు ఎర్త్ లు వేరువేరు చోట్ల ఉండి, వాటి మధ్య స్వల్ప వోల్టేజి భేదం ఏర్పడినపుడు అది సంకేతపు తీగ ద్వారా ధ్వనిలో చేరుతుంది. ముందుగా ఎర్త్ ను శుభ్రపరచి బిగించాలి. సంకేతపు తీగలను ఒక వైపు నుండి, పాజిటివ్ తీగను మరొక వైపు నుండి తీసుకుపోవడం కూడా మేలు.

జాగ్రత్తలు

* పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ ను విప్పి, చివరలో దానినే ఆఖరున బిగించాలి.
* ఫ్యూజు ఆంప్లిఫయరును కాక ముఖ్యంగా తీగను కాపాడుతుంది. ఫ్యూజు ఆంప్లిఫయరు దగ్గర మాత్రమే ఉంటే, మధ్యలో ఒరుసుకుపోయిన తీగ బాడీకి తగిలినపుడు వందల ఆంపియర్లు ప్రవహించి తీగ కాలిపోతుంది. దానితో కారు కూడా అంటుకోవచ్చు.
* కాలిన ఫ్యూజు స్థానంలో పెద్ద ఫ్యూజును గాని, తీగ పోగును గాని, సిగరెట్టు పెట్టెలోని వెండి రంగు కాగితాన్ని గాని పెట్టరాదు.
* రేకు రంధ్రాల గుండా తీగ పోయే చోట రబ్బరు వలయం ఉండాలి.
* ఎర్త్ చోట రంగును ఉప్పు కాగితంతో పూర్తిగా తీసి, లగ్గును బోల్టుతో గట్టిగా బిగించి, ఆ తరువాత పైన గ్రీజు గాని రంగు గాని పూయాలి. తీరప్రాంతాలలో వానాకాలానికి ముందు, తరువాత ఈ బిగింపులను విప్పి చూడడం మంచిది.

శబ్ద నియంత్రణ

భారతదేశంలో శబ్ద కాలుష్య (క్రమబద్ధీకరణ మరియు నియంత్రణ) నియమాలు 2000లో అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ళు పరిమితి. రాత్రి 10 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు రాత్రిగా పరిగణిస్తారు.

ఇవి కూడా చూడండి

* ఓం నియమం
* ఫ్యూజు
* ఆల్టర్నేటరు
* శబ్ద కాలుష్యం
* అల్లూరు