దుక్కి దున్నేవాడి పేరు మీద ఒక పళ్ళెం

ఇంగ్లండులో ఉంటున్న మా తమ్ముడి కూతురు పోయిన వారం ఒక ఫోటో పంపింది. చెక్క పలక మీద రొట్టె ముక్కలు, చీజ్ గడ్డ, కోసిన ఆపిల్, వెనిగర్‌లో ఊరేసిన చిన్న ఉల్లిపాయలు, పక్కన గిన్నెలో నల్లటి పచ్చడి. "పెదనాన్నా, దీన్ని ఇక్కడ ప్లౌమన్స్ లంచ్ అంటారు, అంటే నాగలి దున్నేవాడి భోజనం. బయట తింటే చాలా అవుతుంది. ఇంట్లో పేర్చుకుంటే అందులో సగం కూడా కాలేదు, నలుగురం తిన్నాం" అని రాసింది.

మన పేరు పెట్టుకున్న తిండి కదా, దీని సంగతేందో చూద్దామని కూర్చున్నాను.

ఇలా పలక మీద పేర్చేదాన్ని ఇప్పుడు పట్నాల్లో షార్క్యూటరీ బోర్డు అంటున్నారు. అది ఫ్రెంచి మాట, వండిన మాంసం అని దాని మూలం. చలికాలానికి ముందు పందిని కోసి, తునక కూడా పారేయకుండా ఉప్పేసి, పొగబెట్టి దాచుకునే పని అది. 15వ శతాబ్దానికే పారిస్‌లో ఆ పనివాళ్ళకి సొంత సంఘం ఉండేది. మనం ఉప్పుచేప, ఒరుగులు, వడియాలు పెట్టుకోవడం లాంటిదే. గడ్డు రోజుల కోసం దాచుకున్న తిండి ఇప్పుడు విందులో ముందు వరసకి వచ్చింది.

ఇంగ్లండు కూలీకి రోజూ మాంసం ఎక్కడిది? చీజే అతని మాంసం. పాలు విరగ్గొట్టి, నీళ్ళు పిండేసి, ఉప్పేసి, నొక్కి, నెలల తరబడి మాగబెడితే చీజ్ అవుతుంది. పొద్దున గుడ్డలో కట్టుకుని పోతే మధ్యాహ్నానికి చెడదు, పొయ్యి అక్కర్లేదు. రొట్టె, చీజ్, పచ్చి ఉల్లిపాయ, తాగడానికి బీరు. గట్టు మీద కూర్చుని చాకుతో కోసుకు తినేవాళ్ళు. కోతల రోజుల్లో కూలీలో కొంత భాగం తాగుడు కిందే ఇచ్చేవాళ్ళు. 1887లో చట్టం తెచ్చి దాన్ని ఆపారు. డబ్బు ఇవ్వాల్సిన చోట కుండ చేతికిచ్చే ఆసాములు అక్కడా ఉన్నారన్నమాట.

ఇంతా చేసి ఆ దున్నేవాడు దాన్ని ఎన్నడూ ప్లౌమన్స్ లంచ్ అని పిలుచుకోలేదు. అతనికది ఉత్త రొట్టె, చీజ్.

మరి ఈ పేరు ఎట్లా పాకింది? రెండో ప్రపంచ యుద్ధంలో తిండి మీద రేషను పెట్టారు. 1941లో ఒక దశలో మనిషికి వారానికి ఒక ఔన్సు చీజే, అంటే 28 గ్రాములు. పొలం కూలీలకి మాత్రం అదనంగా ఇచ్చారు, వాళ్ళు చీజ్ మీదే బతుకుతారని సర్కారుకి తెలుసు. చీజ్ చేసే పాలల్లో ఎక్కువ భాగం ఒకే రకం చీజ్‌కి మళ్ళించారు. తరతరాలుగా ఇంట్లో తమ ఊరి రకం చేసుకునే రైతు కుటుంబాలు చాలా ఆ పని మానేశాయి, మళ్ళీ మొదలుపెట్టలేదు. 1954లో రేషను పోయేసరికి జనానికి చీజ్ అలవాటే తప్పిపోయింది. అప్పుడు చీజ్ అమ్మకాలు పెంచడానికి పెట్టిన సంస్థ ఒకటి పబ్బుల్లో ఈ పళ్ళేన్ని ముందుకు తెచ్చింది. 1960ల్లో మిల్క్ మార్కెటింగ్ బోర్డు దేశమంతా ప్రచారం చేసింది.

ఇది చదవగానే నాకు ఒళ్ళు మండింది. నాగలి మనది, పేరు మనది, అమ్ముకునేది ఇంకొకళ్ళా అనుకున్నాను. తర్వాత ఆ బోర్డు గురించి చదివాను. అది 1933లో పెట్టిన పాడి రైతుల బోర్డు! అంతకుముందు పాల కంపెనీలు ఒక్కో రైతునీ విడివిడిగా బేరమాడి నలిపేసేవి. బోర్డు వచ్చాక పాలన్నీ దాని ద్వారానే అమ్మాలి, కొనేవాడు బోర్డుతోనే మాట్లాడాలి. 1994 దాకా నడిచింది. రైతులు తమ పాలు అమ్ముకోవడానికి తమ తాతల సద్దిమూటనే వాడుకున్నారు. కోపం సగం తగ్గింది.

మన దగ్గరా ఇలాంటిది జరిగింది. 1982లో కోళ్ళ రైతులు దళారులు చెప్పిన రేటుకి గుడ్లు అమ్మలేక అల్లాడుతుంటే, మన తెలుగువాడు బండా వాసుదేవరావు గారు ముందుండి వాళ్ళని కూడగట్టి ఎన్‌ఇసిసి పెట్టించారు. గుడ్డు రేటు వాళ్ళే ప్రకటించుకున్నారు, రోజూ గుడ్డు తినమని టీవీలో వాళ్ళే చెప్పారు. మా వేరుశనక్కాయని అలా అడిగి తినిపించినవాళ్ళు నాకైతే కనపడలేదు.

ఇంకో సంగతి, ఫోటోలోని ఆ నల్ల పచ్చడి. 1922 నుంచి ఉన్న బ్రాన్‌స్టన్ పికిల్ అట, బ్రాన్‌స్టన్ అనే ఊళ్ళో మొదలైంది కాబట్టి ఆ పేరు. కూరగాయ ముక్కల్ని వెనిగర్, చక్కెర, మసాలాలతో ఉడికిస్తారు. చట్నీ అనే మాటే మన దేశం నుంచి అక్కడికి పోయింది. కారం మాత్రం దారిలో పడిపోయినట్టుంది.

ఆదివారం మేమూ ఒకటి పేర్చాం. చపాతీ పీట కడిగి, ఉడకబెట్టిన మా చేలో కాయలు, కాల్చిన జొన్నరొట్టె ముక్కలు, బెల్లం, దోర జామకాయ, పచ్చి ఉల్లిపాయ, గుడ్లు రెండేసి చెక్కలు, మధ్యలో చింతకాయ తొక్కు. కొన్నది జామకాయలే. ఫోటో తీసి మా పిల్లకి పంపాను. "పెదనాన్నా, తొక్కు కొంచెం పంపరాదా" అని జవాబొచ్చింది. సీసాలో గట్టిగా కట్టి ఉంచాను, ఈ నెలాఖరుకి అటు పోయే మనిషి ఉన్నాడు.