చిత్తరువులలోని పక్షులు

ప్రభువుల రూపచిత్రములయందు ముఖము చెప్పజాలని సంగతులను, అనగా ఆ మనుష్యుని అంతస్తునో, స్వభావమునో, అతనియెడ చిత్రకారునకు గల ఆర్ద్రతనో, ప్రక్కనున్న పక్షిచేత పలికించుట పూర్వపు చిత్రకారుల ఆచారము. అయితే ఏ పక్షి దేనికి సంకేతమో నిఘంటువువలె వల్లించినంత మాత్రమున మనకు దక్కునది స్వల్పము; ఆ పక్షి ఎవరి చేత నున్నది, ఎట్లు బంధింపబడినది అనునదియే పరిశీలింపదగిన విషయము.

1533లో హాన్స్ హోల్బైన్ లిఖించిన రాబర్ట్ చీజ్‌మన్ చిత్తరువున, కన్నులు మూసి కుళ్లాయి తొడిగిన డేగ ఒకటి తోలుతొడుగు వేసిన చేతిపై కూర్చుండగా, ఆయన రెండవచేతితో దాని ఈకలను నిమురుచుండును. వేటడేగను పెంచుట ఆనాటి కులీనులకు చెల్లిన గౌరవము. మన దక్కనున బిజాపూరు సుల్తాను రెండవ ఇబ్రాహీం ఆదిల్‌షా డేగను చేబూని వేటకు వెడలు చిత్రమునందును ఈ రాజసమే కానవచ్చును.

స్పెయిను దేశపు గోయా 1787-88 ప్రాంతమున చిత్రించిన మాన్యుయెల్ ఒసోరియో అను ప్రభుకుమారుని పటమున పక్షి పలుకు మాట వేఱు. ఎఱ్ఱని దుస్తులు, తెల్లని నడికట్టు ధరించిన ఆ మూడు నాలుగేండ్ల పసివాని చేతులలో ఒక దారము. ఆ దారమునకు కట్టువడి, కాకిజాతికి చెందిన నలుపు తెలుపుల మాగ్‌పై పిట్ట, గోయా పేరుగల చీటీని ముక్కున కఱచుకొని నేలపై నిలిచినది. ఒకవంక పంజరమున చిన్నపిట్టలు. వేఱొకవంక ఱెప్పవాల్పక మాగ్‌పైనే చూచుచున్న పిల్లులు. క్రైస్తవ చిత్రసంప్రదాయమున పక్షి పలుమాఱులు ఆత్మకు గుర్తు, పంజరములోని పక్షి నిష్కల్మషత్వమునకు గుర్తు. పొంచియున్న ఆపదను పిట్ట ఎఱుగదు, దానిని పట్టిన బాలుడును ఎఱుగడు. ఈ ఉభయుల అజ్ఞానమును ఒక్క దారముతో ముడివేయుటలోనే గోయా ప్రతిభ యంతయు నున్నదని నా నమ్మకము.

మాన్యుయెల్ 1792లో, ఎనిమిదేండ్ల ప్రాయమున మరణించెను. గోయా ఆ మృత్యువును ముందే గ్రహించి చిత్రించెనను వారితో నేను ఏకీభవింపజాలను. పటము నాటికి ఆ మరణము ఇంకను నాలుగేండ్ల దూరమున నున్నది; శిశువుల ప్రాణములు నిలుచుటయే దుర్లభమైన ఆ కాలమున ఏ పసివానిని చూచినను ఏ తండ్రికైనను కలుగదగిన భయమే అందున్నది.

ఈ పటము ఇప్పుడు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియమున నున్నది. దాని అచ్చుప్రతి యైనను లభించినచో, పాఠకులు రెండు పిల్లులను చూచి ఊరకుండక, చీకటిలో కలిసిపోయిన మూడవదానిని కూడ వెదకి చూతురుగాక.